కడగొట్టు బిడ్డ తొలి ఏళ్లకు అమ్మే సాక్షి

*సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగు పిల్లల పసితనం ఏ రికార్డులోనూ లేదు. అది తల్లుల దగ్గర ఉంది. దాన్ని మురిపెం అని పక్కన పెట్టడం సరికాదు.*

డిసెంబరు పొద్దున్న. సంత్రాగాఛి స్టేషన్‌ను ఆనుకుని ఉన్న పెద్ద చెరువు మీద మంచు ఇంకా విడలేదు. నీళ్ల మధ్య దీవుల్లా తేలుతున్న గుర్రపు డెక్క మీద వందలకొద్దీ ఈల బాతులు ముక్కులు రెక్కల్లో దూర్చుకుని కూర్చున్నాయి. గట్టున ఒక తల్లి. చంకలో ఏడాదిన్నర పిల్లాడు, తలకి మంకీ క్యాపు, ఒంటిమీద అక్కకి పొట్టయిపోయిన స్వెటరు. తల్లి చేతిలో స్టీలు గిన్నె. పప్పన్నం మెత్తగా మెదిపి, వేలి కొసంత ముద్ద చేసి, "అదిగో పిట్ట, అదిగో రైలు" అంటూ వాడి నోటి దగ్గర పెడుతోంది. హౌరా వెళ్లే లోకల్ కూత పెట్టగానే పిల్లాడు నోరు తెరిచాడు. ఆ సందులో ముద్ద లోపలికి పోయింది. మింగాక వాడు చెరువు వైపు వేలు చూపించి "పాఖీ" అన్నాడు. పిట్ట అని అమ్మ ఎన్నిసార్లు చెప్పినా, పక్క క్వార్టర్ కాకీమా (పిన్ని) నేర్పిన బెంగాలీ మాటే వాడి నోట ముందు పలికింది.

ఇది ఫలానా ఇంటి కథ అని చెప్పడానికి లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి రైల్వే ఉద్యోగాల మీద వచ్చి ఈ వైపు స్థిరపడ్డ కుటుంబాల్లో కొద్దిపాటి తేడాలతో జరిగినదే, జరుగుతున్నదే. పెద్దయ్యాక ఆ పిల్లాడికి ఈ పొద్దున్న గురించి ఒక్క ముక్క గుర్తుండదు. తల్లికి మాత్రం గిన్నె అంచున ఉన్న సొట్టతో సహా గుర్తుంటుంది. ముప్పై ఏళ్ల తర్వాత ఎవరైనా కదిలిస్తే "మా సిన్నోడున్నాడే" అని మొదలుపెట్టి గంటసేపు చెబుతుంది. వింటున్న పెద్దకొడుకు "మా అమ్మకి వాడంటేనే ముద్దు" అని లేచిపోతాడు. అక్కడితో ఆ కబురు తెగిపోతుంది. అలా తెగిపోవడం వల్ల ఆ కుటుంబం ఏం పోగొట్టుకుంటోందన్నదే ఈ వారం మన చర్చ.

దీనికి ఇప్పుడు ఒక సందర్భం కూడా ఉంది. పిల్లలు తగ్గిపోతున్నారన్న మాట రెండేళ్లుగా తెలుగు రాజకీయాల్లో గట్టిగా వినిపిస్తోంది. ఎక్కువమందిని కనమని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024 అక్టోబరు నుంచి బహిరంగంగా చెబుతున్నారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను అదే ఏడాది నవంబరులో శాసనసభ ఎత్తేసింది. చర్చంతా ఎంతమంది అన్న లెక్క చుట్టూ, పనిచేసే చేతులు, పింఛన్లు, పార్లమెంటు సీట్ల చుట్టూ నడుస్తోంది. ఉన్న పిల్లల పసితనం ఎవరి దగ్గర భద్రంగా ఉందన్న ప్రశ్న ఆ గోలలో వినబడదు. ఒక్కరితో ఆపేసే ఇళ్లలో తొలిచూలే కడగొట్టు. చివరి బిడ్డ అన్న అనుభవం ఇక ఎందరో తల్లులకు మొదటి కాన్పుతోనే ఎదురయ్యే కాలం ఇది.

> ఎక్కడి నుంచి ఎక్కడికి
>
> జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటు సంతానం:
>
> 1992-93: ఆంధ్రప్రదేశ్ 2.6, పశ్చిమ బెంగాల్ 2.9, దేశం మొత్తం 3.4
>
> 2019-21: ఆంధ్రప్రదేశ్ 1.7, తెలంగాణ 1.8, పశ్చిమ బెంగాల్ 1.6, దేశం మొత్తం 2.0
>
> జనాభా తగ్గకుండా నిలకడగా ఉండాలంటే కావలసింది 2.1.

పట్టాల వెంట వచ్చిన ఇళ్లు

సంత్రాగాఛి హౌరా జిల్లాలో ఉంది. హుగ్లీ నదికి ఇవతలి ఒడ్డు, కోల్‌కతాకు ఎదురు. హౌరా నుంచి ఖరగ్‌పూర్ వెళ్లే దారిలో రామరాజాతల దాటగానే వచ్చే జంక్షన్. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1900 నాటికి హౌరా దాకా పట్టాలు వేసుకుంది. తూర్పు తీరం వెంట వేసిన మార్గంలో ఉత్తర భాగం కూడా ఆ తర్వాత ఆ కంపెనీ చేతికే రావడంతో వాల్తేరు, విజయనగరం, పలాస, ఖరగ్‌పూర్, హౌరా ఒకే యాజమాన్యం కిందికి వచ్చాయి. ఉత్తరాంధ్ర మనిషికి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టర్ పని, లోకో షెడ్డులో ఖలాసీ పని, గార్డెన్ రీచ్‌లోని ప్రధాన కార్యాలయంలో గుమస్తా పని దొరికింది ఆ పట్టాల పుణ్యాన్నే. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడ్డాక కూడా వాల్తేరు డివిజన్ అందులోనే ఉంది. 2003లో తూర్పు కోస్తా రైల్వేలోకి మారేదాకా విశాఖ ఉద్యోగికి బదిలీ అంటే బెంగాల్ అన్నంత మామూలు సంగతి. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల సంగతి అందరికీ తెలుసు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చినప్పుడు పేపర్లన్నీ ఖరగ్‌పూర్ గురించే రాశాయి. దానికి రెండు గంటల దూరంలో ఉన్న సంత్రాగాఛిలో తెలుగువాళ్లు చెల్లాచెదురుగా ఉంటారు, అందుకే కంటికి ఆనరు. కానీ చెన్నై, తిరుపతి వైపు కొన్ని రైళ్లు ఇక్కడి నుంచే బయలుదేరతాయి. బియ్యం మూట, ఆవకాయ జాడీ, పురిటికి సాయం వచ్చే అమ్మమ్మ, అన్నీ ఈ ప్లాట్‌ఫారాల మీదే దిగుతాయి.

రైల్వే క్వార్టర్‌కు ఒక గుణం ఉంది. అది ఎంతకాలం ఉన్నా మనది కాదు. వంటింటి గోడ మీద పిల్లల ఎత్తు గీసుకున్నా, పెరట్లో మునగచెట్టు నాటుకున్నా, ఇంటాయన రిటైరైన నాలుగు నెలలకు తాళం చెవి అప్పజెప్పాలి. జబ్బు, పిల్లల చదువు లాంటి కారణాలుంటే మరికొన్నాళ్లు గడువు దొరుకుతుంది, అంతే. తర్వాత వచ్చినవాళ్లు సున్నం వేస్తారు, గీతలు పోతాయి. ఊళ్లో సొంతిల్లు ఉన్నవాడికి "నువ్వు ఈ అరుగు మీదే పాకావురా" అని చూపించడానికి అరుగైనా ఉంటుంది. క్వార్టర్‌లో పెరిగినవాడికి చూపించడానికి ఏమీ మిగలదు. ఈ నష్టం ఇంట్లో అందరికంటే కడగొట్టు వాడికే ఎక్కువ. పెద్దపిల్లలకు ఆ ఇల్లు కాస్తో కూస్తో జ్ఞాపకం ఉంటుంది. చిన్నవాడికి ఊహ తెలిసేసరికి తండ్రికి ఆఖరి బదిలీయో, రిటైర్మెంటో దగ్గరపడుతుంది. వాడి పసితనానికి చిరునామా అంటూ ఉంటే అది తల్లి చెప్పే మాటల్లోనే.

తొలిచూలు ఊరిది, మలిచూలు ఇంటిది

తల్లికి చివరి బిడ్డ ముచ్చట్లే ఎందుకు ఎక్కువ గుర్తుంటాయి? ప్రేమలో ఎక్కువ తక్కువల వల్ల అని తేల్చేయడం తేలిక. కానీ ఈ కుటుంబాలు నడిచే తీరు చూస్తే వేరే కారణాలు కనబడతాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో రైలెక్కి అమ్మగారింటికి వెళ్లిన పిల్ల, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక గానీ తిరిగి రాదు. ఆ బిడ్డకు నలుగు పెట్టింది అమ్మమ్మ, కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి నీళ్లు పోసింది మంత్రసానో పెద్దమ్మో, సాంబ్రాణి ధూపం వేసింది ఇంకొకరు. పందొమ్మిది, ఇరవై ఏళ్ల బాలింత మంచం మీద పడుకుని, పథ్యం తింటూ, పెద్దవాళ్లు చెప్పినట్టు నడుచుకుంది. తన బిడ్డను తాను ఎత్తుకోవడానికి కూడా ఆమెకు భయమే. మెడ నిలబడలేదంటారు, దిష్టి తగులుతుందంటారు. ఆ తొలినాళ్ల జ్ఞాపకం పదిమందిదీ, అందులో తల్లి వాటా చిన్నది.

మూడో కాన్పు నాటికి పరిస్థితి తిరగబడుతుంది. పెద్దపిల్లలకు బడి ఉంటుంది, వాళ్లను వదిలి ఊరెళ్లడం కుదరదు. పుట్టింట్లో అమ్మకు వయసు మీద పడుతుంది. కాన్పు రైల్వే ఆసుపత్రిలో అవుతుంది. నాలుగో రోజుకు తల్లీ బిడ్డా క్వార్టర్‌కు వచ్చేస్తారు. ఆ తర్వాత అంతా ఆమె చేతి మీదే. భర్త రన్నింగ్ స్టాఫ్, అంటే బండి నడిపే సిబ్బంది, అయితే ఏ వేళకు డ్యూటీకి పిలుస్తారో, ఏ వేళకు తిరిగొస్తాడో తెలియదు. మధ్యాహ్నం పెద్దవాళ్లు బడికి పోయాక ఇంట్లో ఇద్దరే, తల్లీ, కడగొట్టూ. ఏ ఏడుపు ఆకలిదో ఏది నిద్రదో ఆమెకు ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇద్దరిని పెంచిన చేతికి భయం పోయింది. భయం లేని కళ్లకు బిడ్డ కనబడుతుంది: పాలు తాగుతూ బొటనవేలితో ఆమె పుస్తెల తాడు మెలిపెట్టడం, గూడ్సు బండి వెళ్లినప్పుడల్లా కిటికీ ఊచలు అదురుతుంటే అరచెయ్యి ఊచకు ఆనించి కిలకిలలాడటం. ఇవి ఆమె ఒక్కతే చూసినవి. నా దృష్టిలో పక్షపాతం అన్న ఆరోపణకు మొదటి సమాధానం ఇదే. పెద్దవాడి పసితనాన్ని చెప్పడానికి అమ్మమ్మ, మేనమామ, పెద్దమ్మ ఉన్నారు. చిన్నవాడిది చెప్పాలంటే అమ్మ తప్ప దిక్కులేదు.

ఇంకో కారణం జ్ఞాపకం పనిచేసే తీరులోనే ఉంది. మొదటి బిడ్డ నడిచిన రోజు మీద రెండో బిడ్డ నడిచిన రోజు వచ్చి పడుతుంది, దాని మీద మూడోది. ఎవరు ముందు పాకారో, ఎవరికి పై పన్ను ముందొచ్చిందో కలగాపులగం అవుతుంది. కడగొట్టు వాడి రోజుల మీద వచ్చిపడేవి లేవు. పైగా వాడి విషయంలో ప్రతి మొదటిదీ ఆ ఇంటికి చివరిది కూడా. ఉయ్యాల అటక ఎక్కేస్తే మళ్లీ దించే పనిలేదని ఆ తల్లికి తెలుసు. ఇక మళ్లీ చూడనని తెలిసి చూసినదాన్ని మనసు అంత తేలిగ్గా వదలదు.

> కంటికి కనబడే తేడా
>
> ఆస్ట్రేలియాలోని స్విన్‌బర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన జోర్డీ కౌఫ్‌మన్ బృందం 2013లో ఒక చిన్న ప్రయోగం చేసింది. రెండు నుంచి ఆరేళ్ల పిల్లలున్న తల్లులను పిలిచి, బిడ్డ ఎంత ఎత్తుంటాడో ఖాళీ గోడ మీద గీత గీయమన్నారు. పెద్దపిల్లల ఎత్తు దాదాపు సరిగ్గా గీశారు. కడగొట్టు బిడ్డను మాత్రం సగటున 7.5 సెంటీమీటర్లు పొట్టిగా గీశారు. అదే బృందం 747 మంది తల్లులను అడిగితే, కొత్త బిడ్డ పుట్టగానే పెద్దబిడ్డ ఒక్కసారిగా పెరిగిపోయినట్టు అనిపించిందని 70 శాతం మంది చెప్పారు.

ఈ ప్రయోగాన్ని పక్షపాతానికి రుజువుగా చూపేవాళ్లు ఉన్నారు. జాగ్రత్తగా చూస్తే అది వేరే సంగతి చెబుతోంది. తల్లి కన్ను చిన్నబిడ్డను చిన్నగా చూడటం తను ఎంచుకున్నది కాదు. ఇంట్లో ఎవరికి ఎక్కువ సాకుడు కావాలో వాళ్ల మీద చూపు నిలిచేలా ప్రకృతి చేసిన ఏర్పాటు అని ఆ పరిశోధకుల అభిప్రాయం. తర్వాత ఇంకో బిడ్డ పుట్టగానే ఆ చూపు అటు తిరుగుతుంది. కడగొట్టు వాడి తర్వాత ఎవరూ లేరు కాబట్టి వాడి మీదే ఉండిపోతుంది. నలభై ఏళ్ల కొడుకును పట్టుకుని "అన్నం తిన్నావా నాన్నా" అని అడిగే తల్లిని చూసి నవ్వేవాళ్లు ఈ సంగతి కొంచెం ఆలోచించాలి.

అమ్మ చెప్పకపోతే ఏమవుతుంది

పెద్దయ్యాక మనలో చాలామందికి మూడు, మూడున్నరేళ్లకు ముందువి ఏవీ గుర్తుండవు. దీన్ని ఆపడం ఎవరి చేతిలోనూ లేదు గానీ, ఆ సరిహద్దును కాస్త వెనక్కి జరపవచ్చని న్యూజిలాండ్‌లో 2000 సంవత్సరంలో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన అధ్యయనం సూచిస్తోంది. అక్కడి యూరోపియన్ సంతతి పెద్దవాళ్ల తొలి జ్ఞాపకాలు సగటున మూడున్నరేళ్ల నాటివైతే, మావోరీలవి మూడేళ్లు నిండకముందువి. మావోరీ ఇళ్లలో పుట్టుక గురించి, వంశం గురించి, గడిచిన రోజుల గురించి పిల్లల ముందు పదేపదే చెప్పుకుంటారు, తేడా అక్కడే ఉందని పరిశోధకులు భావించారు. కబుర్లు చెప్పే ఇంట్లో పిల్లలకు తమ గతం ఎక్కువగా దక్కుతుందన్నమాట. అమ్మ చెబుతుంటే లేచిపోవడం వల్ల పోయేది ఒక మధ్యాహ్నం కాలక్షేపం మాత్రమే కాదు.

తల్లి మాట నమోదు కాకపోతే ఎంత పెద్ద ఖాళీ మిగులుతుందో చూడాలంటే సంత్రాగాఛి నుంచి నది దాటి జొరాసాంకోలోని ఠాగూర్ల ఇంటి దాకా వెళితే చాలు. రవీంద్రనాథ్ ఠాగూర్ తన తల్లి శారదాదేవికి పద్నాలుగో సంతానం. బతికి బట్టకట్టినవాళ్లలో ఆయనే కడగొట్టు. 1861లో పుట్టాడు, 1875లో తల్లి పోయింది. 1912లో పుస్తకంగా వచ్చిన 'జీవన్‌స్మృతి'లో, చివరి రోజుల్లో రాసిన 'ఛేలేబేలా'లో ఆయన తన చిన్నతనాన్ని ఎంతో వివరంగా చెప్పాడు. పనివాడు సుద్దముక్కతో చుట్టూ గిరిగీసి, సీతమ్మ గీత దాటితే ఏమైందో గుర్తుచేసి కదలకుండా కూర్చోబెట్టడం వరకూ ఉన్నాయి అందులో. తల్లి మాత్రం అక్కడక్కడా తళుక్కున కనబడి మాయమవుతుంది. సేవకుల పాలనలో పెరిగానని ఆయనే చెప్పుకున్నాడు. రవి గుర్తుంచుకున్న శారదాదేవి కొద్దిగానైనా మనకు దక్కింది. శారదాదేవి గుర్తుంచుకున్న రవి ఒక్క పేజీ కూడా దక్కలేదు. ఆయన మొదటి మాట ఏమిటి, ఏ పాటకు నిద్రపోయేవాడు, జ్వరమొస్తే ఎవరిని పట్టుకుని ఏడ్చేవాడు, ఇవి తెలిసిన ఒకే ఒక్క మనిషి ఏమీ రాయకుండా వెళ్లిపోయింది. అడిగి రాసుకోవాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. అంతమంది రచయితలున్న ఇల్లది.

మన పురాణం ఈ వెలితిని ఎప్పుడో గుర్తించింది. కృష్ణుడు దేవకికి ఎనిమిదో సంతానం. కన్నది ఆమె, వెన్నముద్దలు తినిపించింది యశోద. బాలకృష్ణుడి అల్లరిని పోతన పద్యాల్లో చదివి తెలుగు ఇళ్లు మురిసిపోతాయి, అది యశోద కళ్లతో చూసిన బాల్యం. చూడలేకపోయిన దేవకి దుఃఖాన్ని కులశేఖర ఆళ్వారు తన తమిళ పాశురాల్లో ప్రత్యేకంగా పాడాడు. బిడ్డ తొలి ఏళ్లు చూడటం, గుర్తుంచుకోవడం తల్లికి దక్కవలసిన సొత్తు అన్న ఎరుక లేకపోతే ఆ పాట పుట్టేది కాదు.

నమ్మవచ్చా అన్న ప్రశ్న

తల్లుల జ్ఞాపకాన్ని సాక్ష్యంగా తీసుకోవడానికి గట్టి అభ్యంతరమే ఒకటుంది. అమెరికా పరిశోధకురాలు లిలియన్ రాబిన్స్ 1963లో ప్రచురించిన అధ్యయనంలో, మూడేళ్ల పిల్లల తల్లిదండ్రులు చెప్పినదాన్ని అంతకుముందు అదే తల్లిదండ్రుల నుంచి ఎప్పటికప్పుడు సేకరించిన వివరాలతో సరిచూసింది. పాలు ఎప్పుడు మాన్పించారు, మల మూత్రాల అలవాటు ఎప్పుడు చేశారు లాంటి విషయాల్లో బోలెడు తప్పులు దొర్లాయి. ఆ తప్పులు కూడా ఆ రోజుల్లో పేరున్న పిల్లల డాక్టరు బెంజమిన్ స్పాక్ ఎలా పెంచమన్నాడో ఆ వైపే మొగ్గాయి, మరీ ముఖ్యంగా తల్లుల విషయంలో. మూడేళ్లకే ఇలాగైతే ముప్పై ఏళ్ల తర్వాత చెప్పేదాన్ని ఏం నమ్ముతాం?

ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయకూడదు. అది చెప్పేది తేదీల గురించి, అలవాట్ల లెక్కల గురించి. వాటికి వేరే కాగితాలున్నాయి. 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలైంది. ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో చాలామందికి టీకాల కార్డు ఉంటుంది, పుట్టిన బరువు, ఏ టీకా ఏ రోజున అన్నవి అందులో దొరుకుతాయి. తల్లి దగ్గర ఉన్నది ఆ కార్డులో రాయడానికి గడి లేని సంగతి. అన్నప్రాసన రోజున పుస్తకం, కత్తి, బంగారం, డబ్బు ముందు పెడితే పిల్లాడు అవన్నీ తోసేసి, వచ్చిన బెంగాలీ అతిథి శంఖం వైపు పాకాడన్నది ఎన్నో నెలలో జరిగిందో ఆమె తప్పు చెప్పవచ్చు. ఆ శంఖం సంగతి మాత్రం ఇంకెవరూ చెప్పలేరు. తారీఖు కార్డును అడగాలి, జరిగినది అమ్మను అడగాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. చరిత్ర రాసేవాళ్లు శాసనాన్ని, జనశ్రుతిని ఇలాగే కలిపి చదువుతారు.

ఫోన్లు వచ్చాక ఈ బాధ తీరిందనేవాళ్లు రెండో రకం. ఇప్పటి తల్లి ఫోనులో బిడ్డవి వేల ఫొటోలు ఉంటాయి, నిజమే. అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2014లో ప్రచురించిన ప్రయోగంలో, మ్యూజియంలో వస్తువులను ఫొటో తీసినవాళ్లకు, ఊరికే నిలబడి చూసినవాళ్లకంటే వాటి వివరాలు తక్కువ గుర్తున్నాయని తేలింది. కెమెరా చూసుకుంటుందిలే అని మనసు పని మానేస్తుందన్నమాట. బెంగాలీ కాకీమా పిలిచినప్పుడు ఒక గొంతుతో, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ పిలిచినప్పుడు ఇంకో గొంతుతో పిల్లాడు పలికేవాడన్నది ఏ ఫొటోలోనూ పడదు. ఫొటో పక్కన తల్లి మాట ఉంటే అది పనికొస్తుంది, లేకపోతే పదేళ్లకు ఆ ఫొటో ఎక్కడిదో కూడా తెలియదు.

ముద్దు మురిపాలేనా

మూడో అభ్యంతరం ఆలోచనాపరులైన స్త్రీల నుంచి వస్తుంది, దానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. తల్లి జ్ఞాపకాలంటూ తీపి కబుర్లు పోగుచేస్తే, ఆమె పడ్డ చాకిరీ, నిద్రలేని రాత్రులు, కాన్పు తర్వాత కమ్ముకునే దిగులు, పోగొట్టుకున్న బిడ్డలు అన్నీ ఆ తీపి కింద పూడిపోతాయని వాళ్ల వాదన. నిజమే, పూడ్చిన సందర్భాలు కోకొల్లలు. కానీ తల్లిని మాట్లాడనిస్తే ఏం జరుగుతుందో బెంగాల్ నేల మీదే ఒక నిదర్శనం ఉంది. బెంగాలీలో వచ్చిన మొట్టమొదటి ఆత్మకథ ఒక తల్లిది. రాససుందరీదేవి 'ఆమార్ జీబన్' 1876లో వెలువడింది. చదువుకున్న ఆడది విధవ అవుతుందని భయపెట్టే కాలంలో, పెద్దకొడుకు రాసుకున్న తాటాకు దాచుకుని, చైతన్య భాగవతంలోంచి తీసుకున్న ఒక పుటతో అక్షరాలు పోల్చుకుంటూ, వంటింట్లో దొంగచాటుగా చదువు నేర్చుకుంది ఆమె. పద్దెనిమిదో ఏట నుంచి నలభై ఒకటో ఏట దాకా పన్నెండు కాన్పులు. అందరికీ వండి వడ్డించి, పిల్లల ఏడుపుల మధ్య తనకు రెండు రోజులు అన్నం దక్కకపోవడం గురించి ఆ పుస్తకంలో దాపరికం లేకుండా రాసింది. బిడ్డల మీద ప్రేమ ఎంత నిజమో ఆకలీ అంతే నిజం ఆమెకు.

సంత్రాగాఛి తల్లుల మాటల్లోనూ రెండూ ఉంటాయి, వినేవాళ్లు తీపి దగ్గర ఆపేయకపోతే. నీళ్లు వచ్చే వేళకు లేచి బకెట్లు నింపుకోవడం, వానాకాలం వీధి నీళ్లు గడప దాకా వస్తే పిల్లాడిని మంచం మీద కూర్చోబెట్టి ఇల్లు ఎత్తిపోసుకోవడం, జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకుని, రాని భాషలో డాక్టరుకు చెప్పుకోలేక కాకీమాను వెంటబెట్టుకు వెళ్లడం. "మా సిన్నోడు పుట్టాకే నాకు బంగ్లా వొచ్చింది" అని తల్లి అన్నప్పుడు, ఆ బిడ్డ ఆమెకు ఆ ఊరి తలుపు తీశాడని అర్థం. వాడి పసితనం కథ ఆమె వలస కథ కూడా. దాన్ని వాత్సల్యం అన్న ఒక్క మాటకు కుదించడం ఆమెకూ అన్యాయం, కొడుక్కీ అన్యాయమే.

తండ్రి సంగతేమిటని అడగాలి కదా. డ్యూటీల మధ్య ఆయన చూసింది తక్కువ, చెప్పగలిగేదీ తక్కువ. కేంద్ర ఉద్యోగులైన తండ్రులకు పితృత్వ సెలవు పదిహేను రోజులు, అదీ మొదటి ఇద్దరు పిల్లలకే. కడగొట్టు వాడు మూడోవాడైతే తండ్రికి ఆ పదిహేను రోజులూ లేవు.

> మూడో బిడ్డకు చట్టం ఇచ్చేది
>
> 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం మొదటి రెండు కాన్పులకు 26 వారాల వేతన సెలవు ఇచ్చింది. అప్పటికే ఇద్దరు పిల్లలున్న తల్లికి 12 వారాలే.
>
> కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు 2008 నుంచి ఉన్న శిశు సంరక్షణ సెలవు ఉద్యోగకాలం మొత్తంలో 730 రోజులు. పిల్లల్లో మొదటి ఇద్దరికే అది వర్తిస్తుంది.
>
> ప్రసూతి సెలవు పునరుత్పత్తి హక్కుల్లో భాగమని తమిళనాడు ఉపాధ్యాయురాలి కేసులో 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది.

అడగడం ఎలా

పిల్లలను ఎక్కువ కనమంటున్న ప్రభుత్వాలు ముందు ఈ సెలవుల లెక్క సరిచేయాలి. మూడో బిడ్డ పసితనం మొదటి బిడ్డ పసితనంలో సగం కూడా కాదన్నట్టు 12 వారాలు కొలిచి ఇచ్చే చట్టం తల్లికి ఆ రోజులు చూసే వీలే లేకుండా చేస్తోంది. నాలుగు గోడల మధ్య పెంచిన నిన్నటి తరం తల్లికి కనీసం ఆ మధ్యాహ్నాలైనా దక్కాయి. ఇవాళ రైల్వేలోనే ఉద్యోగం చేస్తున్న ఆమె కూతురికి అవి దక్కాలంటే సెలవు కావాలి. జనాభా విధానం రాసే కాగితాల్లో ఈ మాట మొదటి పేజీలో ఉండాలి.

కుటుంబాలు చేయవలసినదానికి ప్రభుత్వం కోసం ఆగక్కర్లేదు. అరవై దాటిన తల్లులు ఇప్పుడు సంత్రాగాఛి వదిలి విశాఖలోనో, హైదరాబాదులో కొడుకుల ఫ్లాట్లలోనో, కొందరు న్యూజెర్సీలోనో ఉంటున్నారు. "చిన్నప్పుడు నేనెలా ఉండేవాడిని" అని అడిగితే "బాగుండేవోడివి" అన్న జవాబే వస్తుంది. చేతికి అందే వస్తువుతో మొదలుపెడితే మాట సాగుతుంది. ఏ క్వార్టర్, ఎన్నో నంబరు, వంటిల్లు ఎటు వైపు, కిటికీలోంచి ఏం కనబడేది, నీళ్లు ఏ వేళకు వచ్చేవి, ఉయ్యాల ఏ కొక్కేనికి కట్టారు, పాలు ఎవరు పోసేవారు, రాత్రి డ్యూటీ ఉన్నప్పుడు తోడు ఎవరు పడుకునేవారు. చెప్పేటప్పుడు మధ్యలో సవరించకూడదు. ఉత్తరాంధ్ర యాసలో బంగ్లా మాటలు కలిసి వస్తాయి, అలాగే రాసుకోవాలి, ఆ మాటతీరు కూడా ఆ ఇంటి ఆస్తే. పెద్దకొడుకును, కూతురును పక్కన కూర్చోబెట్టుకోవాలి. "అది వాడు కాదమ్మా, నేను" అని వాళ్లు అడ్డం పడితే ఆ తగువు కూడా రాసుకోవాల్సిందే, ఎందుకంటే ఆ తగువులోనే పెద్దవాడి పసితనం కూడా బయటికొస్తుంది. ఇన్నాళ్లూ తనది ఎవరూ చెప్పలేదన్న అతని కినుకకు అక్కడ జవాబు దొరుకుతుంది. తీపి కబుర్లు అయిపోయాక ఇంకొంచెం సేపు కూర్చుని, ఆ రోజుల్లో నువ్వు ఏం తినేదానివి, ఎప్పుడు పడుకునేదానివి, నీకు ఒంట్లో బాగోకపోతే ఎవరు చూశారు అని కూడా తల్లిని అడగాలి.